కుడి భుజం ఒక వేలు కిందికి

నాది కాదు. ఈ కోటు నాది కాదు. మిషను తొక్కుతున్న కాలు నాది, సూదిలో దారం నాది, మిట్టమధ్యాహ్నం దుప్పటంత మందం ఉన్నిబట్టను ఒళ్లో వేసుకుని చెమటలు కక్కుతున్న ప్రాణం నాది, కానీ ఈ భుజం మాత్రం నాది కాదు. కుడిపక్క ఒక వేలు కిందికి దిగి ఉంది. వేలంటే వేలే, చూపుడువేలు అడ్డంగా పెట్టి చూశాను, సరిగ్గా పట్టింది. ఈయన పంపిన ఫర్మా అట్లా ఉంది మరి. ఫర్మా అంటే అట్టముక్కలే, వీపుకొకటి, ఛాతీకొకటి, చేతికొకటి, కాలరుకొకటి, వాటిని బట్టమీద పరిచి చుట్టూ సుద్దతో గీసి కోసుకోవాలి. లోకంలో ఎక్కడైనా ఫర్మా సగమే ఉంటుంది. బట్టను మడతపెట్టి ఒక సగం కోస్తే రెండో సగం దానంతట అదే వస్తుంది, దేవుడు మనిషిని రెండు పక్కలా ఒకేలా చేశాడు కాబట్టి. ఇందులో మాత్రం ఎడమకు వేరే ముక్క, కుడికి వేరే ముక్క. తప్పు కోశాడేమో అనుకుందామంటే మా కొడుకు విక్కీ వాళ్ల నాయన బొంబాయి నాగ్‌పాడాలో పేరున్న కటింగ్ మాస్టరు, ఆయన కత్తెర తప్పదు. తప్పలేదంటే ఏమిటర్థం? ఎవరో ఒకామె ఆయన ఎదురుగా నిలబడింది. చేతులు చాపింది. ఈయన ఆమె భుజం మీద టేపు వేశాడు. నా మీద ఏనాడైనా టేపు వేశాడా ఈ మనిషి? పెళ్లినాటి జాకెట్టు కూడా మా మేనత్తే కుట్టింది.

ఈ ఫర్మా, ఉన్నిబట్ట ఉన్న మూటను కిష్టయ్య తెచ్చిన రోజే నాకు అనుమానం వచ్చింది. మా పక్క గల్లీవాడే, లూధియానాలో ఈయనతో ఒకే కార్ఖానాలో పని. గుమ్మంలోనే నిలబడి మూట చేతికిచ్చాడు, లోపలికి రమ్మంటే రాలేదు, చాయ్ కూడా నిలబడే తాగాడు. మంచి కబురు తెచ్చినవాడు కూర్చుని తాగుతాడు. “మీ అన్న ఏం జెప్పిండు?” అన్నాను. “గీ కోటు కుట్టుకోని రమ్మన్నడు వదినా. ఆడ చలి సంపుతది.” “ఆ ఊరంతా కుట్టేదే చలికోట్లాయె. ఒక్కటి కొని పంపరాదా?” “గది నాకేం ఎరుక వదినా,” అని భుజం గోక్కున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు! నేనింకా దొంగ అననే లేదు, వాడు తడుముకున్నాడు. ఆ తర్వాత గ్లాసు గుమ్మం మీద పెట్టేసి మెట్లు దిగిపోయాడు.

నేనేం ఊరికే అనుమానపు మనిషిని కాను. నిప్పు లేనిదే పొగ రాదు. నాగ్‌పాడాలో కార్ఖానా మూతబడి ఈయన లూధియానా పోయి రెండు చలికాలాలయింది. ఎండాకాలంలో వస్తనన్నాడు. ఎండాకాలం వచ్చాక, చలికోట్లు కుట్టేదే ఎండాకాలంలోనే, ఎట్ల రావాలె అన్నాడు. సరే, చలికాలంలో రమ్మంటే, ఇప్పుడు దుకాణాల నుంచి అర్జెంటు పని వస్తున్నదన్నాడు. మరి పని లేని కాలం ఏదయ్యా మీ ఊర్లో? వానాకాలమా? అప్పుడేమో జ్వరం. ఒకసారి ఫోనులో మాట్లాడుతుంటే పక్కన గాజుల చప్పుడు వినిపించింది. టీవీ చప్పుడన్నాడు. టీవీలో గాజులకూ చేతిగాజులకూ తేడా తెలియనంత చెవిటిదాన్నా నేను? ఇన్నాళ్లు ఒక్కసారీ రమ్మనని మనిషి ఇప్పుడు ఒక్కసారిగా, “ఖోలీ దొరికింది, వచ్చెయ్, ఇగ ఈడనే ఉందాం,” అంటున్నాడు. ఎందుకు? ఆమె వదిలేసి పోయిందా? లేక వండిపెట్టే మనిషి కావాలా? రేపే రైలు. విక్కీ టికెట్టు తీసి దేవుడి పటం వెనక పెట్టాడు. వాడికీ తొందరే. ఈ ఒక్క గది ఖోలీలో వాడూ, పెళ్లాం రుతుజా, నేనూ. నేను పోతే నా మంచం జాగాలో వాళ్ల అల్మారా వస్తుంది, ఒకసారి అల్మారా వచ్చిందంటే మళ్లీ మంచానికి చోటుండదు. పోతే ఈ చోటు పోతుంది, పోకపోతే మొగుడు పోతాడు. ఈ రెండింటి మధ్య నలిగిపోతున్నాను, నా బాధ పగవాళ్లకు కూడా వద్దు.

అందుకే ఒక ఉపాయం చేశాను. ఫర్మా ఎట్లా ఉందో అట్లాగే కోశాను. వంకర భుజం వంకరగానే, పోగు ఇటు కాదు, పోగు అటు కాదు. నా ఒంటికి తగ్గట్టు సరిచేసుకుంటే ఆధారం పోతుంది కదా. ఈ కోటు పట్టుకుని లూధియానాలో దిగుతాను. ఆ కార్ఖానాలో ఎంతమంది ఆడవాళ్లుంటే అంతమందినీ పిలుస్తాను. చలిగా ఉందా చెల్లే, వేసుకో అంటాను. ఎవరి భుజం మీద అతికినట్టు కూర్చుంటుందో ఆమే దొంగ. ఇంకేం మాట్లాడక్కర్లేదు, పంచాయతీ అక్కర్లేదు, సాక్షులు అక్కర్లేదు. తర్వాతి రైలెక్కి వచ్చేసి అల్మారా మీదనైనా పడుకుంటాను. ఈ ఆలోచన వచ్చినప్పటి నుంచి నా చేతికి ఎక్కడలేని ఓపిక వచ్చింది. ఇంత శ్రద్ధగా నా పెళ్లిచీరకు కొంగుముడి కూడా వేసి ఉండరు.

“ఆయీ, ఏక్‌దా ఘాలూన్ బఘా నా,” అంటోంది మా మరాఠీ కోడలు, కింద కూర్చుని మెంతికూర ఒలుస్తూ. ఒక్కసారి వేసుకుని చూడమంటుంది. పొద్దుటి నుంచి ఇదే పాట. “నాది కాంది నేనెందుకు ఏసుకుంట?” అన్నాను. ఆ పిల్ల నవ్వి కాడలు ఒక పక్కకు తోసింది. మా తెలుగు దానికి సగమే అర్థమవుతుంది, ఆ సగంతోనే నవ్వుతుంది. ఎవతె ఒంటికో కొలిచిన దాంట్లో నా చెయ్యి దూర్చడమా? ఎంగిలి కంచంలో అన్నం తిన్నట్టు ఉంటుంది. కుట్టేటప్పుడు కూడా భుజాల మీద ఆన్చుకోలేదు, మిషను మీదే తిప్పుకుంటూ కుట్టాను. కింద గల్లీలో ఎవరో ఇనపరేకులు దించుతున్నారు, ఆ చప్పుడుకు పావురాలు లేచి ఎదురింటి ఆరేసిన బట్టల మీద వాలాయి. ఫాక్‌లాండ్ రోడ్డు మీద టాక్సీవాడొకడు హారను మీద చెయ్యి తియ్యడం లేదు. వాడికీ ఎవరిమీదో అనుమానం ఉన్నట్టుంది.

నిజం చెప్పాలంటే భుజాల సంగతి నాకు తెలియదు. నేను కాలర్ల దాన్ని. పెళ్లై, గదికో కాపురం ఉండే ఈ చాల్‌కు వచ్చిన నాటి నుంచి కాలర్లే కుట్టాను. ఇక్కడ పని అట్లాగే వస్తుంది, కోసిన ముక్కలు కార్ఖానా నుంచి మూటలుగా ఇంటింటికీ వస్తాయి, పై అంతస్తులో చేతులు, కింద జేబులు, మా ఖోలీలో కాలర్లు, మా అత్త ఉన్నన్నాళ్లూ కాజాలు. మనిషి మొత్తాన్ని మాలో ఎవరూ కుట్టలేదు. కాలరు మెడ దగ్గర ఆగిపోతుంది, దాని కింద భుజం ఎట్లా వాలుతుందో నాకేం పని? ఈ ఫర్మా వచ్చాకే భుజాలు చూడటం మొదలుపెట్టాను. కూరల బండి దగ్గర చూశాను, పోచమ్మ గుడి ముందు వరసలో చూశాను, బస్టాపులో చూశాను. కండక్టరు కూడా నన్నొక మాదిరిగా చూశాడు. అందరికీ సమంగానే ఉన్నాయి, సంచి బరువుకో దేనికో కాస్త అటూ ఇటూ. ఎవరికీ కుడిపక్క ఇంత దిగలేదు. తీరా మొన్న సాయంత్రం నీళ్లొచ్చే వేళకు వరండాలో నిలబడి, బిందెలు పట్టుకుని వరసగా నిలుచున్న మా చాల్ ఆడవాళ్లను వెనక నుంచి చూశాను. ఒకామెకు కుడి భుజం దిగి ఉంది. పక్కామెకూ దిగి ఉంది. ఆ పక్కామెకూ అంతే.

ఎందుకుండదు? మా మెట్లకు కటకటాలు ఒకవైపే. ఎక్కేటప్పుడు ఎడమపక్క. రెండోవైపు గోడ, అదీ పాకుడు పట్టి చెయ్యి ఆన్చనివ్వదు. పైపు పై అంతస్తులకు రాకముందు కింది నల్లా నుంచి అందరం మోశాం, ఎడమచేత్తో కటకటాలు పట్టుకుని, కుడిచేతికి బకెట్టు వేలాడేసుకుని. కడుపుతో ఉన్నా మోశాం, పచ్చి బాలింతలం కూడా మోశాం. మొగవాళ్లు మోయరా అంటే, వాళ్లు కార్ఖానాలో నిలబడి నిలబడి వస్తారు పాపం. ఇక ఆ భుజం దిగక ఏమవుతుంది? అంటే ఫర్మా మీద ఉన్న ఆడమనిషి పంజాబుది కాదు. అక్కడ వాళ్లకు ఇంట్లోనే నల్లాలు. ఆమె మా మెట్లు ఎక్కిన మనిషి, మా చాల్ మనిషే. ఇంతకాలం దొంగను లూధియానాలో వెతుక్కుంటున్నాను, దొంగ మా వరండాలోనే ఉంది! ఈ మాట తట్టినప్పుడు చేతిలో సూది వేలికి గుచ్చుకుంది, నెత్తురు బట్టకు అంటకుండా నోట్లో పెట్టుకున్నాను.

ఎవరో ఆలోచించడానికి ఎంతోసేపు పట్టలేదు. రత్నాబాయి. రెండు తలుపుల అవతల ఉంటుంది, పూలు మాలలు కట్టి అమ్ముకుంటుంది, మొగుడు పోయి చాన్నాళ్లయింది. మంచిదే, మంచిది కాదని నేననను. మా అత్త పోయినప్పుడు నాకంటే ఎక్కువ ఏడ్చింది. ఎందుకు ఏడ్చింది మరి అంత? ఈయన లూధియానా పోయేనాడు చేపల పులుసు గిన్నె నిండా తెచ్చిపెట్టింది, ఈయన వేళ్లు నాకాడు. అది కూడా పోనీ. పోయిన ఏడు వైష్ణోదేవికి పోతున్నానని మూట కట్టుకుని పోయింది కదా, ఆ రైలు లూధియానా మీది నుంచే పోతుందట, విక్కీ తన ఫోనులో తీసి చూపించాడు. యాత్ర నుంచి అందరూ ప్రసాదం తెస్తారు, ఈమె ప్రసాదంతో పాటు ఉన్ని స్వెటరు కూడా తెచ్చుకుంది. నాకు చూపించి మరీ మురిసింది. అప్పుడు నేనూ బాగుందనే అన్నాను, పిచ్చిమొహాన్ని. అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఆ భూతానికి కళ్లు ఎంత బాగా కనిపిస్తాయో అనేవాళ్లకు తెలియదు. అందుకే ఇవాళ పొద్దున పూలు తీసుకునే సాకుతో రమ్మని కబురు పెట్టాను. వస్తుంది. కోటు తొడిగిస్తాను. లూధియానా దాకా పోవాల్సిన పని కూడా లేదు.

అంచు కుట్టు అయిపోయింది. దారం పళ్లతో కొరికేశాను. ఇస్త్రీ పెట్టె వేడి ఎక్కువైనట్టుంది, ఉన్ని కాలిన వాసన వస్తోంది, తడిగుడ్డ వేసి భుజాల మీద మెల్లగా తిప్పాను. అందంగా వచ్చింది ముండది. నేను ఇంత అందమైన వస్తువు ఇంతవరకు చెయ్యలేదు, చేసింది కూడా పరాయిదానికి. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, ఇస్త్రీ ఆవిరని రుతుజతో చెప్పాను. ఒకవేళ రత్నాబాయికి సరిపోతే ఏం చేస్తాను? జుట్టు పట్టుకుంటానా? పట్టుకోలేను. ఆ మనిషి లేకపోతే ఈ చాల్‌లో నాకెవరున్నారు. మొగుడు పోవడం ఒక ఎత్తు, రత్నాబాయి పోవడం ఇంకొక ఎత్తు. ఆ రెండోది తలుచుకుంటేనే ఎక్కువ భయమేసింది. అంతలో వరండాలో చెప్పుల చప్పుడు.

“ఏందక్కా, కోటు అయిపోయిందా? చూపియ్యి,” అంటూ రత్నాబాయి వచ్చింది. ఒళ్లంతా మల్లెపూల వాసన. కొంగుతో చేతులు తుడుచుకుంది. “నువ్వొకసారి తొడుక్కో రత్నా, ఎనకకెల్లి ఎట్ల వడ్తున్నదో నేను చూడాలె,” అన్నాను. ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తిరిగి నిలబడి చేతులు వెనక్కి చాపింది, నేను కోటు ఎక్కించాను. కుడి భుజం ఆమె భుజం మీద కూర్చుంది. అతికినట్టు కూర్చుంది. నేను మిషను పట్టుకున్నాను. ఆమె ఇటు తిరిగింది. ముందుపక్క రెండంచులూ ఛాతీ మీద జానెడు దూరంలోనే ఆగిపోయాయి, బొత్తం పడే ప్రశ్నే లేదు. వీపు మీద బట్ట సంచిలా పొంగింది, కాలరు మెడకు దూరంగా నిలబడింది. రత్నాబాయి నిటారు మనిషి. ఈ కోటు వంగిన వీపుకు కోసింది. వంగిన వీపు పూలు కట్టే మనిషిది కాదు, గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కడుతుందామె.

రత్నాబాయి కోటు విప్పి నా చేతికి ఇవ్వలేదు. నన్ను పట్టుకుని తిప్పి నా మీదే వేసింది. చెయ్యి ఒకటి, చెయ్యి రెండు. వద్దు వద్దంటూనే ఉన్నాను. మెంతికాడలు వదిలేసి రుతుజ లేచి నిలబడింది. “ఆయీ, హా తుమ్‌చాచ్ ఆహే!” అంది. మీదే ఆయీ ఇది, అని. అల్మారా అద్దం లేదు ఇంకా, విక్కీ గడ్డం గీసుకునే చిన్న అద్దం ఉంది, దాంట్లో ఒకసారి ఒక భుజమే కనిపిస్తుంది. ఎడమది చూశాను. అద్దం జరిపి కుడిది చూశాను. కిందికి జరపాల్సి వచ్చింది. వీపు పొడుగునా బట్ట ఎక్కడా లాగలేదు, ఎక్కడా పొంగలేదు. మిషను మీద వంగిన వంపు ఎంతో అంతే వంపు తిరిగింది. కాలరు మెడను అంటుకుని కూర్చుంది. ఎన్ని వేల మెడలకు కుట్టి ఉంటానో, నా మెడకు ఒక కాలరు ఇట్లా తగలడం ఇదే మొదటిసారి. ఇదా నేను? ఇంత వంకరా? నాకు తెలియకుండా నా ఒళ్లు ఎప్పుడు ఇట్లా ఒరిగిపోయింది? సిగ్గేసింది, కోపం వచ్చింది, ఆ రెండింటి కింద ఇంకేదో వచ్చింది, దాన్ని ఆపలేక కోటు చేతికే ముక్కు తుడుచుకున్నాను.

“నన్నెందుకు తొడగమన్నవో నాకు తెల్వదనుకున్నవా అక్కా?” అంది రత్నాబాయి నెమ్మదిగా. నాకు నేలలోకి కుంగిపోదామనిపించింది. “మొన్నటి సంది నా భుజాల దిక్కే చూస్తున్నవ్. పూలు తీస్కుంటానికి కాదు, భుజాలు చూస్తానికే వస్తున్నవ్. తొడుక్కోకపోతే నీకు జన్మల తెల్లారదని తొడుక్కున్న.” క్షమించు అనడం మాలో అలవాటు లేదు. “చాయ్ పెడ్త కూసో,” అన్నాను. “కూసుంట గాని, గిటు తిరుగు,” అని ముందు బొత్తాలు పెట్టింది. పెట్టి, నడుము దగ్గర బట్టను రెండు వేళ్లతో పట్టి లాగింది. పిడికెడు బట్ట చేతిలోకి వచ్చింది. ఇంకోపక్క లాగింది, అక్కడా అంతే. “ఈడ గింత ఒదులేంది? గంత మంచి మాస్టరు ఈడ తప్పిండా?” అంది.

ఈయనకు ఫోను చేస్తే రెండు రింగులకే ఎత్తాడు. నేను ఎట్లా ఉన్నావని కూడా అడగలేదు. “ఎవరి కొలతలు గియి?” అన్నాను. “ఎవరియంటె? నీయే.” “నాకు టేపు ఎన్నడు వెట్టినవ్?” “టేపెందుకే? నువ్వు మిషను మీద కూసుంటె నేను ఎనక మంచం మీద పండుకొని చూసింది గా వీపే గద ఇన్నేండ్లు. ఈడ రెడీమేడు మస్తు చూసిన, ఒక్కటి గుడ నీ భుజానికి కూసునేటట్టు లేదు. కోసుడు నాకొస్తది, కుట్టుడు నాకు రాదాయె. అందుకే ఫర్మా పంపిన.” “నా భుజం దిగిందని నాకెందుకు చెప్పలే?” “చెప్తే నీళ్లు మోసుడు బంద్ చేస్తుంటివా?” “నువ్వు మోస్తె బందయ్యేది,” అన్నాను. అటుపక్క కుట్టుమిషన్ల చప్పుడు మాత్రమే వినిపించింది. ఆ మాట తగలాలనే అన్నాను, తగిలింది. గాజుల సంగతి అడగలేదు. అది అక్కడ దిగాక ఎదురుగా కూర్చోబెట్టుకుని అడుగుతాను, అన్నీ ఫోనులోనే అడిగేస్తే ఎట్లా.

“నడుము కాడ ఒదులైంది,” అన్నాను. “గట్లెట్లయితది? నేను సరిగ్గనే కోసిన,” అన్నాడు, పనిలో తప్పు పడితే వచ్చే ఆ పాత గొంతుతో. “సరిగ్గనే కోసినవ్. నువ్వు పోయేనాటి మనిషికి కోసినవ్.” చెప్పేదాకా ఆ సంగతి నాకూ తెలియదు. అన్నం ముందు కూర్చుని ఎన్ని పూటలు ఊరికే లేచానో, ఎవరూ అడగకపోతే మనకు మనమే మరిచిపోతాం. “గంత సన్నవడ్డవా?” అన్నాడు. ఆ గొంతులో దొంగతనం వెతికాను. అలవాటు కదా, వెతికాను. దొరకలేదు. “పక్క కుట్లు ఇప్పి లోపలికి తీస్కో. రైలుకు టైమున్నది గద,” అన్నాడు. “తియ్య. గిట్లనే ఏస్కొస్త,” అన్నాను. రత్నాబాయి ఇంకా ఆ వదులు బట్టను పట్టుకునే ఉంది, రుతుజ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “ఒదులు చేసింది నువ్వు. ఇగ నువ్వే వండిపెట్టి నింపు.” ఈసారి మిషన్ల చప్పుడు కూడా దూరమైంది, బయటికి వచ్చి నిలబడినట్టున్నాడు.

“ఏం వండాలె?” అన్నాడు.